తార్నాకలో నడిచిన రోమన్ సేనాపతి

అంబులెన్స్ అంటే నడిచేది అని అర్థం. నమ్మకపోతే ఆఫీసులు వదిలే వేళ తార్నాక చౌరస్తాలో నిలబడి చూడండి. సైరన్ మోగుతూ ఉంటుంది, పైన దీపం తిరుగుతూ ఉంటుంది, బండి మాత్రం పాపం కాలినడకన పోతున్నట్టే పోతుంది. కొబ్బరిబొండాల బండి తోసుకెళ్ళే ఆయన దాన్ని దాటేసి, వెనక్కి తిరిగి జాలిగా చూస్తాడు. ఆ మాట పుట్టించినవాడు మా చౌరస్తాలో నిలబడే పుట్టించి ఉంటాడని నేను చాలామందికి చెప్పాను. కొందరు నమ్మారు కూడా. నమ్మినవాళ్ళకి ఆ మాట ఈ జన్మలో మరుపు రాదు. నమ్మనివాళ్ళు డిక్షనరీ చూసుకున్నారు, మర్నాటికి మర్చిపోయారు.

ఇంగ్లీషు మాటలకి అర్థాలు చెప్పడం నా పని. వీధులకి పేర్లు పెట్టే ఓపిక లేక అంకెలు వేసి వదిలేసిన పేట మాది. అలాంటి ఒక అంకె వీధిలో కింద టిఫిన్ సెంటరు, పైన మా ఇల్లు. ఆ ఇంటి ముందుగదే నా కాలేజీ. సాయంత్రం అయ్యేసరికి మెట్ల మీద చెప్పులు బారులు తీరతాయి. వచ్చేవాళ్ళంతా యూనివర్సిటీ క్యాంపస్ వాళ్ళే. పొద్దున్నే రీడింగ్ హాల్లో బెంచీ మీద నీళ్ళ సీసా పెట్టి సీటు ఆపుకుంటారు. ఆ తర్వాత సీసా చదువుకుంటూ ఉంటుంది, వీళ్ళు చెట్ల కింద టీ తాగుతూ ఉంటారు. ఎన్నేళ్ళుగానో ఆ చెట్లు కూడా వింటూనే ఉన్నాయి కాబట్టి, ఈసారి నోటిఫికేషన్ పడితే వేపచెట్లకి తప్పకుండా ఉద్యోగాలొస్తాయని నా అంచనా.

నా పద్ధతి గుంపు పద్ధతి. డిక్షనరీని మొదటి అక్షరం నుంచి బట్టీ కొట్టినవాళ్ళు మూడో అక్షరం దగ్గర పెళ్ళి చేసుకుని వెళ్ళిపోవడం కళ్ళారా చూశాను. అందుకని ఒకే అక్షరాలు మోసే మాటలన్నిటినీ ఒక్కచోట కూర్చోబెడతాను. ఒక ఇంటిపేరు వాళ్ళని పేరంటానికి పిలిచినట్టు. ఉదాహరణకి జెక్ట్ ఇంటివాళ్ళు. జెక్ట్ అంటే విసరడం. లోపలికి విసిరితే ఇంజెక్ట్, బయటికి విసిరితే ఎజెక్ట్, వెనక్కి విసిరితే రిజెక్ట్, ముందుకి విసిరితే ప్రాజెక్ట్. ఎవరో మాట్లాడుతుంటే మధ్యలో మన మాట విసిరితే ఇంటర్జెక్ట్. కిందపడేలా విసిరితే లేచిన మనిషి డిజెక్టెడ్. యూనివర్సిటీలో రీసెర్చి చేసేవాళ్ళకి ఇవి విడిగా నేర్పక్కర్లేదు, సీటు వచ్చిన రోజు నుంచి వరసగా అనుభవంలోకి వస్తాయి. స్పెక్ట్ ఇంటివాళ్ళది చూసే పని. ఇన్‌స్పెక్ట్ అంటే లోపలికి చూడటం, ప్రాస్పెక్ట్ అంటే ముందుకి చూడటం, రెస్పెక్ట్ అంటే వెనక్కి తిరిగి మరోసారి చూడటం, సస్పెక్ట్ అంటే కిందినుంచి ఓరగా చూడటం. ప్రొఫెసరుగారు ఎదురుపడితే రెస్పెక్ట్, దాటిపోగానే సస్పెక్ట్ అని చెబితే క్లాసంతా ఒకే ఊపులో రాసుకుంది.

అర్థాలు నిజమైనవే చెబుతాను. దాంట్లో నాకు మచ్చలేదు. అర్థం వెనకాల కథ మాత్రం నాది. మాట ఎక్కడ పుట్టిందో నిజం చెబితే మెట్లు దిగేలోపు మర్చిపోతారు, అబద్ధం చెబితే మనవలకి కూడా చెప్పుకుంటారు. మా ఆయన రైల్వేలో చేసి రిటైరయ్యారు. టైమ్ టేబుల్ తప్ప మరో సాహిత్యం నమ్మని మనిషి. పక్కగదిలో కూర్చుని నా క్లాసు విని, "ఇవాళ ఎవణ్ణి పుట్టించావోయ్?" అని అడుగుతారు. అది ఆయన మెచ్చుకునే తీరు.

నేను పుట్టించినవాళ్ళందరిలోకీ గొప్పవాడు అంబులస్ అనే రోమన్ సేనాపతి. అంబుల్ అనే అక్షరాలున్న మాటలన్నీ నడకకి సంబంధించినవి. ఇది నిజం. తక్కినది వినండి. ఆ సేనాపతి భారీ మనిషి. ఆయన్ని మోయనని గుర్రం ఒకరోజు మొండికేసి కూర్చుంది. సేనాపతి నడవక తప్పలేదు. తను ఒక్కడే నడిస్తే నామోషీ కదా, సైన్యం మొత్తాన్నీ గుర్రాలు దిగి నడవమన్నాడు. వైద్యుడు మందులపెట్టె మోసుకుంటూ వెనకాల నడిచాడు, అది అంబులెన్స్. దండోరా వేసేవాడు అందరికంటే ముందు నడుస్తూ వచ్చేదెవరో చెప్పాడు, అది ప్రియాంబుల్. మన రాజ్యాంగానికి ముందు నడిచే పీఠిక అదే. సేనాపతి భార్య చంటిపిల్లని తోపుడుబండిలో పెట్టి తోసింది, పెరాంబులేటర్. రాత్రి కాపలావాడు నిద్రలోనే నడిచాడు, సోమ్నాంబులిస్ట్. వేగులవాడు తాడు కట్టుకుని దాని మీద నడుస్తూ లోయ దాటాడు, ఫ్యునాంబులిస్ట్. పూజారి కోట చుట్టూ ప్రదక్షిణం చేశాడు, సర్కమాంబులేట్. ఇంకొకడున్నాడు, యుద్ధమైతే నాకేంటని చేతులు వెనక్కి కట్టుకుని షికారుగా వచ్చాడు. అది యాంబుల్. వాడి పోలికలు మా వీధిలో ఇప్పటికీ కనిపిస్తాయి.

ఈ కథ ఏళ్ళ తరబడి చెప్పాను. ఒక్కరు కూడా ఏ పుస్తకంలో ఉందని అడగలేదు. మన దగ్గర టీచరు చెప్పింది రాసుకోవడం మర్యాద, ఎక్కడిదని అడగడం పొగరు. ఆ మర్యాద మీదే నా సంసారం నడిచింది.

మర్యాదలో అందరికంటే గట్టి అమ్మాయి ఒకామె ఉండేది. జనగామ వైపు పల్లె. ముప్పై దాటింది. రామంతాపూర్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్పి, మానేసి, రీసెర్చి సీటు కోసం క్యాంపస్‌కొచ్చింది. హాస్టల్లో స్నేహితురాలి గదిలో నాన్‌బోర్డర్‌గా ఉండేది. అంటే ఆ గదిలో ఆమె ఉన్నట్టు అందరికీ తెలుసు, యూనివర్సిటీకి తప్ప. ఆ స్నేహితురాలు ఆ నెలాఖరుకి గది ఖాళీ చేస్తోంది. రాజ్యాంగం గురించి చదివే డిపార్ట్‌మెంటులో ఆ ఏడు సీటు ఒక్కటే ఉంది. ఒక్క పెద్ద ప్రొఫెసరు దగ్గర ఒక్క ఖాళీ. మళ్ళీ ఎప్పుడు పిలుస్తారో పిలిచేవాళ్ళకే తెలియదు. రెండుసార్లు ఇంటర్వ్యూ దాకా వచ్చి వెనక్కి వెళ్ళిన పిల్ల. స్కూలు కరస్పాండెంటు ఫోన్ చేసి, సోమవారం వస్తే పాత ఉద్యోగం ఇస్తానని, రాకపోతే ఇంకొకర్ని పెట్టుకుంటానని చెప్పాడు. ఇంటర్వ్యూ శుక్రవారం. సీటొస్తే గదీ వస్తుంది, ఫెలోషిప్పూ వస్తుంది. లేకపోతే సోమవారం పొద్దున రామంతాపూర్ బస్సు ఎక్కాలి. ఇక మళ్ళీ దిగనని తనకి తెలుసు. నాకూ చెప్పింది. చెప్పేటప్పుడు ఏడవలేదు, బస్సు నంబరు కూడా చెప్పింది.

శుక్రవారం ఇంటర్వ్యూలో ఏం జరిగిందో అప్పుడు నేను చూడలేదు కాబట్టి బాగా చెప్పగలను. బల్లకి అవతల ముగ్గురు. మధ్యలో పెద్ద ప్రొఫెసరు, ఖాళీ సీటు ఉన్నాయన. ఆయన పక్కన ఇంకో ప్రొఫెసరు, సన్నగా, కళ్ళజోడు నుదుటి మీద పెట్టుకుని దానికోసం వెతుక్కునే రకం. ఇటువైపు వేరే యూనివర్సిటీ నుంచి వచ్చిన ఎక్స్‌టర్నల్ మేడం. ఏ టాపిక్ మీద చేస్తావంటే, ఈ అమ్మాయి రాజ్యాంగ పీఠిక ప్రాముఖ్యత అంది. ప్రతి ఏడూ సగంమంది అదే చెబుతారట. పెద్దాయన ఆవులింత మింగి, ప్రియాంబుల్ అనే మాటకి అర్థం చెప్పమన్నారు. ముందు నడిచేది అని చెప్పింది. ఎక్కడి మాట అన్నారు. అంతే, మా సేనాపతి బయల్దేరాడు. గుర్రం కూర్చోవడం, వైద్యుడు, దండోరా, తోపుడుబండి, ఏదీ వదలకుండా చెప్పిందట.

చెప్పడం అయ్యాక పెద్దాయన తల ఊపి, అవును, ఇది నేనూ చదివాను అన్నారు. సన్నాయన ఊరుకోలేదు. ఆ గుర్రానికి ఏదో పేరు కూడా ఉండాలి కదా అని, నుదురు రుద్దుకుని, పేరు కూడా చెప్పారు.

ఎక్స్‌టర్నల్ మేడం ఇద్దరివంకా చూసి, అమ్మాయివంక చూసి, ఇది ఏ పుస్తకంలో ఉందని అడిగింది. మా మేడం చెప్పారని అమ్మాయి అంది. మీ మేడం ఏదో ఒక పుస్తకంలో చదివే చెప్పి ఉంటారు కదా, రీసెర్చి చేసేదానివి ఆధారం లేకుండా ఎలా చెబుతావు అని ఆవిడ పట్టుబట్టింది. ఇంటర్వ్యూలు సాయంత్రం దాకా ఉన్నాయి, ముగిసేలోపు పుస్తకం పేరు తీసుకురా, అప్పుడు చూద్దాం అంది.

నేను భోజనం చేసి కాస్త నడుం వాల్చే వేళకి అమ్మాయి మెట్లెక్కి వచ్చింది. చెప్పులు విడిచే ఓపిక కూడా లేదు. జరిగిందంతా గుమ్మంలో నిలబడే చెప్పి, ఆఖర్న చాలా నెమ్మదిగా, ఎంతో నమ్మకంగా అడిగింది.

"గా అంబులస్ కథ ఏ బుక్కుల ఉన్నది మేడం?"

నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నా బుర్రలో మూడు పుస్తకాల పేర్లు తయారైపోయాయి. ఒకదానికి అట్ట రంగు కూడా తెలిసిపోయింది. నోరు తెరిచాను. ఈలోపు పక్కగదిలో పేపరు వెనకనుంచి మా ఆయన అన్నారు.

"చెప్పేయవోయ్. నువ్వు ఆ పుస్తకం రాసేదాకా ఆ పిల్ల అక్కడే నిలబడాలా?"

అమ్మాయి ఆయనవంక చూసింది, నావంక చూసింది. తెలివైనదే. అర్థమైంది. అయినా ఒక్కొక్కటే అడిగింది, ఇంట్లో దొంగలు పడితే సామాను సరిచూసుకున్నట్టు.

"అంటే గాయన లేడా మేడం?"

"లేడమ్మా."

"పెండ్లాం?"

"లేదు."

"గుర్రం?"

"అదీ లేదు."

"మరి నడిచిందెవరు మేడం?"

మాటలు నిజమే, అర్థాలు నిజమే, నడవడం అనే లాటిన్ మాట నుంచే ఇవన్నీ వచ్చాయని చెప్పాను. సైన్యంతోపాటు కదిలే ఆసుపత్రిని ఫ్రెంచివాళ్ళు నడిచే ఆసుపత్రి అనేవాళ్ళనీ, ఆఖరికి నడిచే అన్న ముక్క మిగిలి అంబులెన్స్ అయిందనీ చెప్పాను. నా కథకంటే ఈ నిజం పెద్ద తీసిపోయేదేం కాదు. కానీ ఇన్నాళ్ళూ అది చెప్పాలని నాకు తోచలేదు. అమ్మాయి వినిపించుకోలేదు. దాని మనసు గుర్రం దగ్గరే ఆగిపోయింది.

"గుర్రమే లేకుంటె, గా సారు దాని పేరు ఎట్ల చెప్పిండు?"

"పెద్దవాళ్ళు అంతేనమ్మా, తెలియదని చెప్పలేక ఏదో అనేస్తారు," అన్నాను. ఇంటర్వ్యూ బోర్డులో కూర్చున్నవాళ్ళ సంగతి నాకు తెలియనిదా అన్నట్టు కొంచెం చిరునవ్వు కూడా నవ్వాను. "ఇంతకీ ఏమని చెప్పాడు?"

చెప్పింది. పక్కగదిలో పేపరు కిందికి దిగింది.

ఆ పేరు నేనిక్కడ రాయను. నాకు ఇంట్లో శాంతి ముఖ్యం. అది మా అత్తగారి ముద్దుపేరు. పుట్టింటివాళ్ళు పిలిచేది, కాకినాడ దాటి ఎవరూ ఎరగనిది. ఈ కథ కొత్తగా చెబుతున్న రోజుల్లో, మోయాల్సింది మోయకుండా మధ్యదారిలో కూర్చునే జీవికి ఏం పేరు పెడదామా అని ఆలోచిస్తే, చెయ్యి తిరిగిన కథకురాలికి దగ్గర్లోని పేరే తడుతుంది కదా. కొన్నాళ్ళు హాయిగా సాగింది. ఒకరోజు మా ఆయన విన్నారు. ఆ తర్వాత గుర్రానికి పేరు లేదు. ఈ అమ్మాయి క్లాసుకొచ్చేనాటికి పేరు తీసేసి చాలా ఏళ్ళయింది.

"మా అమ్మ పేరు యూనివర్సిటీలో వాళ్ళకి ఎలా తెలుసు?" అన్నారాయన. గొంతులో కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువుంది. కొద్దిగా గర్వం కూడా ఉందేమో, ఆయన ఒప్పుకోరు.

అమ్మాయి గుమ్మంలోనే కూర్చుండిపోయింది. కాసేపు వేళ్ళు విరుచుకుంటూ ఉండి, నెమ్మదిగా తల ఎత్తింది.

"సార్లు ఆన్సర్ షీట్లు దిద్దుతరు కద మేడం."

అప్పుడు వెలిగింది నాకు. డిగ్రీ పిల్లలు, పీజీ పిల్లలు ఎంతమంది ఈ ముందుగదిలో కూర్చుని వెళ్ళారు. పీఠిక ప్రాముఖ్యత రాయండి అనే ప్రశ్న ప్రతి ఏడూ వస్తుంది. జవాబు తెలియని ప్రతివాడూ ఒక పేజీ నింపాలి. నింపడానికి సేనాపతి కంటే భారీ మనిషి ఎక్కడ దొరుకుతాడు? ఆ ప్రొఫెసర్లు బడాయికి తల ఊపలేదు. చదివారు. కట్టలకి కట్టలు, ఎండాకాలం ఫ్యాను కింద కూర్చుని, ఎర్ర పెన్ను పట్టుకుని చదివారు. పదిమంది రాస్తే పుకారు, పదేళ్ళు రాస్తే చరిత్ర. నేనేమో వాళ్ళు బొంకారని నవ్వాను.

ఇక నా అసలు బుద్ధి పనిచేయడం మొదలుపెట్టింది. ఇద్దరు ప్రొఫెసర్లు సాక్ష్యం చెప్పిన కథకి పుస్తకం పేరొక్కటే తక్కువ. ఏదో పాతకాలం లాటిన్ గ్రంథం, ఇప్పుడు దొరకడం లేదని చెప్పు. ఎక్స్‌టర్నల్ మేడం రైలు టైము దగ్గరపడుతుంది, మన సార్లిద్దరూ తలూపుతారు, సీటు నీదే అన్నాను. పేరు కూడా చెప్పాను. చాలా మంచి పేరు. దాన్ని అలా వృథాగా పోనివ్వడం ఇప్పటికీ నాకు బాధే.

అమ్మాయి తల అడ్డంగా ఊపింది.

"గిప్పటిదాక నేను అబద్ధం చెప్పలే మేడం. నమ్మి చెప్పిన. ఇప్పుడు చెప్తెనే అబద్ధమైతది."

"సరే, నిజం చెబుతావా? మీరు ఆన్సర్ షీట్లలో చదివారు సార్ అంటే ఆ పెద్దాయన మొహం ఎక్కడ పెట్టుకుంటాడు? సీటు ఉన్నది ఆయన దగ్గరే కదా."

"గదే భయమైతున్నది," అంది. లేచి నిలబడింది. ముఖం కడుక్కుంటానని నీళ్ళు అడిగింది.

ఆటో ఎక్కి క్యాంపస్‌కి వెళ్ళాం. నేనెందుకు వెళ్ళానంటే, తోడు కోసం అని మా ఆయనతో చెప్పాను. అసలు సంగతి వేరు. నేను పుట్టించినవాడికి పాడె కడుతున్నారు, చూడకుండా ఎలా ఉండగలను? ఆ రాతి మెట్లు, ఆ ఎత్తు వరండా. డిపార్ట్‌మెంటు ముందు ఇంకా కొందరు పిల్లలు ఫైళ్ళు గుండెలకి హత్తుకుని నిలబడి ఉన్నారు. తలుపు ఓరగా ఉంది. తలుపు దగ్గర నిలబడి వినే అలవాటు నాకు లేదు. అందుకని అటెండరు కుర్చీ ఖాళీగా కనిపిస్తే అందులో కూర్చున్నాను.

అందరి తర్వాత మా అమ్మాయిని పిలిచారు. పుస్తకం దొరికిందా అన్న గొంతు ఎక్స్‌టర్నల్ మేడందని వెంటనే తెలిసింది. ఈ అమ్మాయి లేదంది. ఆ కథ మా మేడం కల్పించింది, అర్థాలు మాత్రం నిజమైనవే, అంబులస్ అనే మనిషి లేనేలేడు అంది. నాకు ఎందుకో చచ్చినవాడి తరపు బంధువులా దిగులేసింది.

"లేకపోవడమేంటమ్మా," అన్నారు పెద్దాయన. మాట మెత్తగానే ఉంది, కింద ఇనుము ఉంది. "నేను చదివానని చెప్పాను కదా."

"మీరు చదివింది నిజమే సార్," అంది అమ్మాయి. "పరీక్ష పేపర్లల్ల చదివిన్రు. మా మేడం దగ్గర చదువుకున్నోళ్ళు అందరు అదే రాస్తరు సార్. గా గుర్రం పేరు రోమన్ పేరు కాదు. మా మేడం వాళ్ళ అత్తమ్మ పేరు."

నేను కుర్చీలో ఇంకొంచెం కిందికి జారాను.

నాకు రామంతాపూర్ బస్సు వచ్చి ఆగినట్టే అనిపించింది. ఆ తర్వాత సన్నాయన గొంతు, ఎక్కడో దూరంనుంచి గుర్తు తెచ్చుకుంటున్నట్టు వినిపించింది. ఔను, కట్ట విప్పితే చాలు నడుచుకుంటూ వచ్చేసేవాడు, ఒక కుర్రాడైతే బొమ్మ కూడా వేశాడు, గుర్రం మూతి బాగా కుదిరింది అన్నారు. అప్పుడు ఎక్స్‌టర్నల్ మేడం చాలా సున్నితంగా అడిగింది.

"మార్కులు వేశారా సార్?"

సన్నాయన ఒక దగ్గు దగ్గి, "బొమ్మకి వేశాను," అన్నారు.

మొదట నవ్వింది ఆవిడే. తర్వాత సన్నాయన. పెద్దాయన నవ్వు ఆలస్యంగా వచ్చింది, వచ్చాక ఆగలేదు. మనిషికి తను అబద్ధమాడలేదని రుజువు దొరికితే అంత తేలికవుతుందని నాకు అప్పటిదాకా తెలియదు, అలాంటి రుజువు నాకెప్పుడూ దొరకలేదు కాబట్టి.

ఎక్స్‌టర్నల్ మేడం అంతటితో వదల్లేదు. యాంబుష్ అనే మాట కూడా ఈ గుంపులోదేనా అని అడిగింది. కాదు మేడం, అది పొదల్లో దాక్కోవడం నుంచి వచ్చింది, ఒకే ఇంటిపేరు ఉన్నంత మాత్రాన చుట్టాలు కారు కద అంది అమ్మాయి. అది నేను చెప్పింది కాదు. దారిలో ఆటోలో ఫోను పట్టుకుని గుంపులోని ఒక్కొక్క మాటా డిక్షనరీలో చూసుకుంటూ వచ్చింది. పక్కనే కూర్చున్న నాకు అవమానంగా కూడా అనిపించింది.

ఇంతకీ నువ్వు దేనిమీద పని చేస్తావని పెద్దాయన మళ్ళీ మొదటి ప్రశ్నకి వచ్చారు. ఈసారి ఆవులింత లేదు.

"ఇదే చేస్త సార్. రాజ్యాంగం మాటలు మా అసుంటోళ్ళకు క్లాసుల తెలుస్తలేవు. తార్నాక రూములల్ల తెలుస్తున్నయ్. ఎవరు చెప్తున్నరు, ఏం చెప్తున్నరు, అది మళ్ళ పేపర్ల మీదికెళ్ళి మీ దాక ఎట్ల వస్తున్నది, గది చూస్త."

బయటికొచ్చిన తర్వాత అమ్మాయి వరండా చివరిదాకా వెళ్ళి, గోడకి ఆనుకుని నిలబడి, నీళ్ళు తాగింది. వెనకాల తలుపు తీసుకుని పెద్దాయన వచ్చారు. నన్ను ఎగాదిగా చూశారు. ముందు రెస్పెక్ట్‌తో చూశారో సస్పెక్ట్ చేశారో చెప్పలేను.

"మీరేనా?" అన్నారు.

నేనే అన్నాను. తిడతారని సిద్ధంగా ఉన్నాను. ఆయన అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించారు.

"చివరికి ఏమయ్యాడండీ ఆయన? ఏ పేపర్లోనూ ముగింపు రాయలేదు. పేజీ అయిపోతుంది."

"ఒకరోజు కూర్చున్నాడండీ," అన్నాను అప్పటికప్పుడు. "అంతే, పోయాడు."

ఆయన తృప్తిగా తల ఊపి వెళ్ళిపోయారు.

ఆదివారం సాయంత్రం అమ్మాయికి డిపార్ట్‌మెంటు నుంచి ఫోనొచ్చింది. సీటు ఇచ్చారు. పెద్దాయనే గైడు. ఈ విషయంలో ఆయనకి ఎంతో కాలంగా చదివిన అనుభవం ఉందని సన్నాయన సిఫారసు చేశారట. అమ్మాయి వెంటనే రామంతాపూర్ కరస్పాండెంటుకి ఫోన్ చేసి, రేపు రాను సార్, మరెప్పుడు రాను అని చెప్పింది. ఆ రెండో మాట అనేటప్పుడు నా ఎదురుగానే ఉంది. అప్పుడు ఏడ్చింది. మా ఆయన లోపలికెళ్ళి ఫ్రిజ్‌లోంచి కాకినాడ కాజాలు తెచ్చి, ఇవి మా అమ్మ తరపున అన్నారు.

ఇప్పుడు తనకి హాస్టల్లో సొంత గది ఉంది, తలుపు మీద తన అక్షరాలతో రాసుకున్న పేరు ఉంది. వారానికోసారి మా ఇంటికొచ్చి, ముందుగదిలో నాకెదురుగా కూర్చుంటుంది. నేను తన రీసెర్చికి సబ్జెక్ట్‌ని. ఇన్నేళ్ళు అందరికీ ఆ మాటకి కిందికి విసిరేసినది అని అర్థం చెప్పాను గానీ, కింద పడి చూస్తేనే కదా తెలిసేది. ఫోనులో రికార్డింగు నొక్కి స్టూలు మీద పెడుతుంది. మేడం అనే పిలుస్తుంది, కాళ్ళకి దండం కూడా పెట్టబోయింది ఒకసారి. కానీ మర్యాదలో ఇదివరకటి ఆ మెత్తదనం లేదు. చెప్పింది రాసుకోదు. ఎక్కడిది మేడం, ఎప్పుడు మేడం, ఎవరు విన్నరు మేడం అని అడుగుతుంది.

మొన్న అసలు ప్రశ్న అడిగింది. ఈ కథ మొట్టమొదట ఎప్పుడు చెప్పారు, ఎందుకు చెప్పారు, జరిగింది జరిగినట్టు చెప్పాలె అంది. నేను సర్దుకుని కూర్చున్నాను. ఒక వానాకాలం సాయంత్రం, కరెంటు పోయింది, మెట్టుగూడ క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం, వంతెన కింద నీళ్ళలో ఒక అంబులెన్స్ ఆగిపోతే మా ఆయన, నేను, ఇంకో నలుగురం కలిసి తోశాం, అప్పుడు లోపలున్న ముసలాయన లేచి కూర్చుని లాటిన్‌లో అని మొదలుపెట్టాను. బాగా వస్తోంది. వాన చప్పుడు నాకే వినిపిస్తోంది.

పక్కగదిలోంచి దగ్గు వినిపించింది.

అమ్మాయి చెయ్యి చాచి ఫోను ఆపేసింది.

"మళ్ళ మొదటి నుంచి మేడం," అంది.